తలుపు తీసిన దెవరు?

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. పగలంతా మన మధ్యనే తిరుగుతూ, మన అన్నమే తింటూ, ఇంటి గుట్టుమట్లన్నీ ఎరిగినవాడు ఏ రాత్రివేళనో చేయి చాచితే, వానిని దొంగగా ఊహించడమే కష్టం. మానవ శరీరమనే గృహంలో కూడ ఇటువంటి కాపురస్థులు ఉన్నారు. ప్రేగులలో నివసించే సూక్ష్మజీవులే వారు. ఉన్నన్నాళ్ళూ మేలే చేస్తారు. ఏనాడో ఒకనాడు అదను చూచి ప్రాణం తీస్తారు. అయితే సామెతలో కనిపించని ప్రశ్న ఒకటి ఇక్కడ ఎదురవుతుంది. ఆ రాత్రి తలుపు గడియ తీసిన దెవరు? వైద్యశాస్త్రానికీ, చావుపుట్టుకల లెక్కలకూ, ఆసుపత్రి దస్త్రాలకూ కూడ ముఖ్యమైన ప్రశ్న ఇదే. దీనికి సమాధానం వ్రాసిపెట్టుకోని సమాజం ఏమి పోగొట్టుకొంటుందో కర్నూలు, కడప జిల్లాల చరిత్ర కఠినంగానే తెలియజేసినది.

మనిషి శరీరంలోని బాక్టీరియాల సంఖ్య సుమారు 38 లక్షల కోట్లని 2016లో శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. శరీరపు సొంత కణాల సంఖ్యకు అది ఇంచుమించు సమానం. అయినా అన్నిటినీ కలిపి తూచితే సుమారు 200 గ్రాములకు మించవు. వీటిలో అత్యధిక భాగం పెద్దప్రేగులోనే ఉంటుంది. మనకు జీర్ణం కాని పీచుపదార్థాన్ని విరిచి ఉపయోగకరమైన ఆమ్లాలుగా మార్చడం, కె విటమిన్‌ను తయారుచేయడం, బయటినుండి వచ్చే హానికర జీవులకు చోటు చిక్కకుండ స్థలమంతా తామే ఆక్రమించి ఉండడం వాటి నిత్యకృత్యాలు.

ఈ కాపురస్థులలో మిక్కిలి పేరు పొందినది కోలై. మ్యూనిక్ నగరంలో శిశువైద్యుడుగా ఉన్న థియోడర్ ఎషెరిక్ 1885లో పసిపాపల మలాన్ని పరీక్షిస్తూ దీనిని వర్ణించాడు. పెద్దప్రేగులో సర్వసాధారణంగా ఉండే జీవి అనే అర్థం వచ్చేటట్లు లాటిన్‌లో పేరు పెట్టాడు. 1919లో శాస్త్రజ్ఞులు ఆయన పేరునే దీనికి ముందు చేర్చారు. ఎషెరిషియా కోలై, క్లుప్తంగా ఇ. కోలై, అలా ఏర్పడిన పేరే. దీని కూడ క్లెబ్సియెల్లా, ఎంటరోకాకస్, బాక్టీరాయిడ్స్ మొదలైనవి ఎన్నో నివసిస్తున్నవి.

ఇవన్నీ ప్రేగులలో ఉన్నంతవరకు సాధువులు. అదే జీవి మూత్రకోశంలో చేరితే మంట, జ్వరం. ఉదరకుహరంలో పడితే పెరిటోనైటిస్ అనే భయంకరమైన వాపు. నెత్తురులో ప్రవేశించి దేహమంతటినీ కల్లోలపరిస్తే సెప్సిస్. గంటలు గడిచేకొద్దీ ప్రాణానికే అపాయం. జీవి మారలేదు, చోటు మారినది. ఇట్లా అదను చూచి సోకే వ్యాధులను వైద్యులు అవకాశవాద వ్యాధులంటారు. కలరా క్రిమి ఈ జాతిది కాదు. అది కలుషితమైన నీటితో బయటినుండి వచ్చి, ఆరోగ్యవంతుని సైతం పడగొట్టగలదు. ప్రేగులలోని కాపురస్థునికి మాత్రం ఎవరో తలుపు తీయాలి.

తలుపులు అనేకం. అదుపు తప్పిన మధుమేహం ఒకటి. పగిలిన అపెండిక్సు మరొకటి. రోగికి రోజుల తరబడి అమర్చి ఉంచిన మూత్రపు గొట్టం, కాన్సరుకు ఇచ్చే తీవ్రమైన మందులు, నెలలు నిండకుండ పుట్టిన శిశువు దౌర్బల్యం, ఇవన్నీ తలుపులే. మితిమీరి వాడిన యాంటిబయోటిక్కు కూడ తలుపే. అది ప్రేగులలోని సాధుజీవులను చంపివేయగా ఖాళీ అయిన చోట క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే దుష్టజీవి పెచ్చు పెరిగి రక్తవిరేచనాలు తెప్పించగలదు. వీటన్నిటికన్న ప్రాచీనమైన తలుపు ఒకటి ఉన్నది. దాని పేరు ఆకలి.

రాయలసీమకు ఆకలి పాత పరిచయం. కర్నూలు, కడప జిల్లాలలో మంచి సంవత్సరంలో సయితం కురిసే వాన సుమారు ఏడువందల మిల్లీమీటర్లు. 1876లో ఆ వాన కూడ తప్పినది. ధాత నామ సంవత్సరంలో మొదలైనందున ధాత కరువని పేరుపడిన ఆ క్షామం 1878 వరకు దక్షిణాపథాన్ని దహించినది. బ్రిటిషు పాలిత ప్రాంతాలలోనే యాభై లక్షలమందికి పైగా మరణించి ఉంటారని తరువాత నియమితమైన కరువు విచారణ సంఘం అంచనా. 1871 జనాభా లెక్కలలో కర్నూలు జిల్లా జనసంఖ్య 9 లక్షల 14 వేలు. 1881లో 6 లక్షల 78 వేలు. నలుగురిలో ఒకరు లేరు. కడప జిల్లాలో 13 లక్షల 51 వేలమంది 11 లక్షల 21 వేలకు తగ్గారు. నాటి కర్నూలు జిల్లాలో నేటి నంద్యాల జిల్లాతోపాటు కంభం, మార్కాపురం ప్రాంతాలు, నాటి కడప జిల్లాలో మదనపల్లె ప్రాంతం కూడ చేరి ఉండేవి. తగ్గిన వారందరూ మరణించినవారే కారు; కొందరు వలసపోయారు, పుట్టవలసిన వారు కొందరు పుట్టనే లేదు. అయినా మరణించినవారే ఎక్కువ.

ఈ మృతులు నాటి ప్రభుత్వ లెక్కలలోకి ఏ పేరుతో ఎక్కారు? ఊరిలో చావుపుట్టుకలు వ్రాయవలసినవారు గ్రామోద్యోగులు. వారు పంపిన లెక్కలు తాలూకాకు, జిల్లాకు, చివరకు మద్రాసులోని శానిటరీ కమిషనరుకు చేరేవి. అందులో మరణకారణాలకు ఉన్న గడులు కొద్ది: కలరా, మశూచి, జ్వరాలు, ప్రేగుల వ్యాధులు, గాయాలు, ఇతరములు. ఆకలికి గడి లేదు. నెలల తరబడి గంజినీళ్ళతో గడిపి, ఆకులలములు తిని, ఎముకల గూడై, చివరి వారంలో విరేచనాలు పట్టుకొని మరణించిన మనిషి 'ప్రేగుల వ్యాధులు' అనే గడిలో చేరాడు. ఒళ్ళు కాలి మరణించినవాడు 'జ్వరాలు' గడిలో చేరాడు. వ్రాసినవాడు అబద్ధం వ్రాయలేదు. విరేచనాలు నిజం, జ్వరం నిజం. కాని ఆ రెంటికీ తలుపు తీసినది మాత్రం కాగితం మీదికి ఎక్కలేదు. ఊళ్ళకు ఊళ్ళే చెదరిపోతున్న ఆ రోజులలో ఏ గడిలోనూ చేరకుండ పోయినవారు కూడ వేలకువేలు.

ఆకలి మరణాన్ని ఏ పేరున వ్రాయాలనే వివాదం అప్పటికి కొత్తది కాదు. 1837లో ఇంగ్లండులో మరణాల నమోదు ఆరంభమైనపుడు, ఆ ప్రథమ నివేదికలో విలియం ఫార్ అనే గణాంకవేత్త 63 మరణాలను ఆకలి క్రింద చూపాడు. పేదల చట్టాన్ని అమలు జరుపుతున్న ఎడ్విన్ చాడ్విక్‌కు అది నచ్చలేదు. ఆ మరణాలు ఏదో ఒక వ్యాధికి చెందినవేనని ఆయన వాదం. ఆకలి చంపేవారి సంఖ్య లెక్కలలో కనిపించేదానికన్న చాల ఎక్కువనీ, అది తిన్నగా కాక వ్యాధుల రూపంలో చంపుతుందనీ ఫార్ సమాధానం చెప్పాడు. నలభై ఏండ్ల తరువాత తుంగభద్రా, పెన్నా తీరాలలో ఆయన మాట అక్షరాలా రుజువైనది.

అదే వివాదం మద్రాసులో కూలివాని కూటి రూపంలో తలఎత్తినది. 1877 ఆరంభంలో వైస్రాయి ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనులలోని కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపై కొద్దిపాటి సొమ్ము చాలునన్నాడు. పౌను అనగా నాలుగువందల యాభై గ్రాములు. మద్రాసు రాజధాని శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ దీనిని తీవ్రంగా ప్రతిఘటించాడు. కాయకష్టం చేసే మనిషికి పౌనున్నర ధాన్యం, దానితో పప్పుదినుసు ఉండాలన్నాడు. లేకుంటే శరీరం శుష్కించి చిన్న వ్యాధికే లొంగిపోతుందన్నాడు. తరువాత మద్రాసు ప్రభుత్వం కూలిని మళ్ళీ పెంచినది. మద్రాసు నగరపు సహాయశిబిరంలో మరణించిన వారికి శవపరీక్షలు చేసిన డాక్టరు అలెగ్జాండర్ పోర్టర్, ఆ కరువునాటి వ్యాధులను గురించి 1889లో ఒక గ్రంథమే ప్రకటించాడు.

వీరెవరికీ ప్రేగులలోని కాపురస్థుల పేరు తెలియదు. ఎషెరిక్ పరిశోధన వెలువడేసరికి కరువు ముగిసి ఏడేండ్లయినది. నేటి శాస్త్రం మిగిలిన కథ చెప్పగలదు. దీర్ఘకాలం ఆహారం చాలకపోతే చిన్నప్రేగు లోపలి పొర పలుచబడుతుంది. ఆహారాన్ని పీల్చుకొనే సన్నని చిగుళ్ళవంటి భాగాలు కురచబడతవి. జఠరంలోని ఆమ్లం తగ్గుతుంది. రక్షక కణాలు బలహీనపడతవి. అపుడు ప్రేగులోని బాక్టీరియాలు ఆ పలుచని గోడను దాటి నెత్తురులో ప్రవేశించగలవు. చిత్రమేమంటే, బాగా కృశించిన బిడ్డకు నెత్తురులో బాక్టీరియా ఉన్నా జ్వరమే రాకపోవచ్చు. జ్వరం తెచ్చుకొనే శక్తి కూడ ఆ శరీరానికి మిగలదు. అందుచేతనే తీవ్ర పోషకాహారలోపంతో వచ్చిన పిల్లలకు, లక్షణాలు కనిపించకున్నా, యాంటిబయోటిక్కు ఇవ్వవలసినదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన. ధాత కరువు నాటి 'జ్వరాలు'లో మలేరియా పాలు పెద్దదే. విరేచనాలలో కలరా, జిగట విరేచనాల పాలు కూడ ఉన్నది. ఆ మరణాలలో ఏవి బయటిదొంగ చేసినవో, ఏవి ఇంటిదొంగ చేసినవో ఇక ఎవరూ విడదీయలేరు. ఆరు గడుల పట్టికకు ఆ శక్తి లేదు.

పట్టికకు ఆ శక్తిని కలిగించడానికి ప్రపంచానికి వంద సంవత్సరాలకు పైగా పట్టినది. ఫార్ వేసిన బాటలోనే నడిచి, ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్తియాన్ 1893లో చికాగోలో అంతర్జాతీయ మరణకారణ పట్టికను సమర్పించాడు. 1948లో ఆ బాధ్యత ప్రపంచ ఆరోగ్యసంస్థకు వచ్చినది. ఆ ఆరవ కూర్పుతో మరణాలకే కాక, బ్రతికి ఉన్నవారి వ్యాధులకు కూడ సంకేతసంఖ్యలు ఏర్పడినవి. పదవ కూర్పును 1990లో ఆమోదించారు. పదకొండవది 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినది. పదవ కూర్పులో ప్రతి వ్యాధికీ ఒక ఆంగ్లాక్షరం, కొన్ని అంకెలు ఉంటవి. దీనినే మెడికల్ కోడింగు అంటారు.

ఆ పట్టికలో ఇ. కోలైకి ఉన్న సంఖ్యలలో ఒకటి బి 96.2. ఇది విచిత్రమైన సంఖ్య. ఇతర అధ్యాయాలలో చెప్పిన వ్యాధులకు కారణమైన ఇ. కోలై అని దాని అర్థం. అనగా ఇది ఒంటరిగా నిలబడే సంఖ్య కాదు, మరొక సంఖ్యకు తోడుగా వ్రాయవలసినది. మూత్రమార్గంలో సోకినదైతే ముందు ఎన్ 39.0 వ్రాసి, ప్రక్కన బి 96.2 చేర్చాలి. ఎంటరోకాకస్‌కు బి 95.2, క్లెబ్సియెల్లాకు బి 96.1, బాక్టీరాయిడ్స్‌కు బి 96.6 ఇట్లాగే తోడుసంఖ్యలు. జీవి పేరొక్కటే రోగం కథ చెప్పదనే సత్యం ఈ అమరికలోనే ఇమిడి ఉన్నది. ఆకలికి కూడ నేడు గడి ఉన్నది: ఆకలి ప్రభావానికి టి 73.0, పోషకాహారలోపానికి ఇ 40 నుండి ఇ 46 వరకు. ఫార్ కోరినది, కార్నిష్ కాలపు పట్టికకు లేనిది, ఇప్పుడు అచ్చులో ఉన్నది.

నేటి రాయలసీమలో ఈ సంఖ్యల పని ఎట్టిదో ఒక ఊహాచిత్రం ద్వారా చూడవచ్చును. ఆదోని ప్రాంతంలో పత్తి తీసే ఒక ఏభై ఏండ్ల స్త్రీ ఉన్నదనుకొందాం. చేను దగ్గర నీరు తక్కువ, మరుగు అసలే లేదు. అందుచేత ఎండ నలభై డిగ్రీలు దాటినా ఆమె నీరు త్రాగదు. త్రాగితే చాటుకు పోవలసివస్తుందని భయం. మధుమేహం ఉన్నది కాని మందు సక్రమంగా లేదు. మూత్రంలో మంట వచ్చినది. అంగడిలో నాలుగు బిళ్ళలు కొని రెండు రోజులు మ్రింగి, మంట తగ్గగానే మానివేసినది. పదిరోజులకు చలిజ్వరం, మాట తడబాటు. కర్నూలు పెద్దాసుపత్రికి తెచ్చేసరికి నెత్తురులో ఇ. కోలై, అదీ సాధారణమైన మందులకు లొంగనిది.

ఆమె దస్త్రంలో వ్రాయవలసిన సంఖ్యలు ఇవి: సెప్సిస్‌కు ఎ 41.5, మూత్రమార్గపు సోకుకు ఎన్ 39.0, దానికి తోడుగా బి 96.2, మధుమేహానికి ఇ 11, మందుకు లొంగని గుణానికి యు 82. ఈ అయిదూ కలిపి చదివితే తలుపు ఎట్లా తెరుచుకొన్నదో తెలుస్తుంది. ఒకవేళ ఆమె మరణిస్తే వైద్యుడు పూర్తిచేయవలసిన ధ్రువపత్రంలో కూడ ఇటువంటి ఏర్పాటే ఉన్నది. మొదటి పంక్తిలో మరణానికి తక్షణ కారణం. దాని క్రింద, దానికి దారితీసినవి. వేరొక భాగంలో తోడ్పడిన ఇతర స్థితులు. గుండె ఆగుట వంటి మరణించిన తీరు వ్రాయరాదని ఆ పత్రంలోనే అచ్చు వేసి ఉంటుంది. గుండె ఆగకుండ మరణించినవారు ఎవరున్నారు? 'గుండె ఆగినది' అని మాత్రమే వ్రాస్తే సెప్సిస్, మధుమేహం, లొంగని మందు అన్నీ ఆ ఒక్క మాటలో పూడుకొనిపోతవి. ఇక ఆమె త్రాగని నీటికీ, లేని మరుగుకూ అయితే ఆ సంఖ్యలలో కూడ చోటు లేదు. అది వినవలసినవారు మనుష్యులే.

ఈ వ్రాత వట్టి గుమాస్తా పని కాదు. మందులకు లొంగని బాక్టీరియాల మూలంగా 2019లో ప్రపంచమంతటా సుమారు 12 లక్షల 70 వేల మరణాలు సంభవించినవని 2022లో ప్రకటితమైన అంచనా. అందులో అగ్రస్థానం ఇ. కోలైదే. ఇటువంటి అంచనాకు ఆధారం ఆసుపత్రి దస్త్రాలు, ప్రయోగశాల నివేదికలు, మరణ ధ్రువపత్రాలు. అవి ఉన్న దేశం గురించి లెక్క, లేని దేశం గురించి ఊహ. భారతదేశంలో 2020లో నమోదైన మరణాలలో కారణాన్ని వైద్యులు ధ్రువీకరించినవి 22.5 శాతం మాత్రమే. ప్రతి ఆసుపత్రీ మరణకారణ పత్రాన్ని రిజిస్ట్రారుకు పంపి, ఒక ప్రతిని మృతుని దగ్గరి బంధువుకు ఇవ్వవలెనని 2023లో చట్టాన్ని సవరించారు.

ఇందులో మరొక విశేషం ఉన్నది. సీమనుండి జీవశాస్త్రం చదివిన యువతీయువకులు హైదరాబాదు చేరి, అమీర్‌పేటలో మెడికల్ కోడింగు నేర్చి, సముద్రాల కావల ఉన్న అమెరికా ఆసుపత్రుల దస్త్రాలకు సంఖ్యలు వేస్తున్నారు. అమెరికాలో 2015 అక్టోబరు 1 నుండి పదవ కూర్పు వాడుకలో ఉన్నది. ఎన్నడూ చూడని ఊరిలో, ఎన్నడూ చూడని వృద్ధునికి మూత్రపు గొట్టం మూలంగా కోలై సోకినదా, మధుమేహం మూలంగానా అని వీరు పంక్తి పంక్తీ పరిశీలించి నిర్ణయిస్తారు. అక్కడ ఒక్క సంఖ్య తప్పితే భీమా సొమ్ము రాదు. అందుకే అంత శ్రద్ధ. ఆ శ్రద్ధలో సగమైనా తమ తాతముత్తాతల మరణాలపై ఎవరైనా చూపి ఉంటే, ధాత కరువు కథ నేడు వేరుగా చదువుకొనేవారము. కోడింగు నేర్చిన ఆ చేతులు స్వదేశపు ఆసుపత్రులకు కూడ అవసరమే. కర్నూలు వైద్యకళాశాల ఆసుపత్రికీ, 2006లో ఆరంభమైన కడప వైద్యవిజ్ఞాన సంస్థకూ నాలుగు దిక్కులనుండి రోగులు వస్తున్నారు. వారిలో ప్రతి ఒక్కరి దస్త్రం ఈ సీమ ఆరోగ్యచరిత్రలో ఒక పుట.

పాఠశాలలో సూక్ష్మజీవుల పాఠం చెప్పేటపుడు ఉపాధ్యాయులు బొమ్మ గీసి, మంచివి, చెడ్డవి అని రెండు వరుసలు వ్రాయడం కద్దు. కోలైని ఏ వరుసలో వ్రాయాలని విద్యార్థి అడిగితే సమాధానం అంత సులభం కాదు. అది ఉన్న చోటును అడగాలి. ఆ మనిషి తిన్న తిండిని, త్రాగిన నీటిని, వాడిన మందును అడగాలి. చేతులు కడుగుకొనడం, నీరు చాలినంత త్రాగడం, వైద్యుడు చెప్పనిదే యాంటిబయోటిక్కు ముట్టకుండ ఉండడం, చెప్పినన్నాళ్ళూ మానకుండ ఉండడం, ఇంటిలో ఎవరైనా మరణిస్తే ధ్రువపత్రంలో కారణం ఏమి వ్రాసినారో చదవడం కూడ ఈ పాఠంలోని భాగాలే.

నూట ఏభై ఏండ్ల క్రిందట ఈ సీమలో ఏ గ్రామ కచేరీలోనో ఒక చేయి 'ప్రేగుల వ్యాధులు' అనే గడిలో ఒక గీత గీసినది. ఆ గీత వెనుక ఒక మనిషి ఉన్నాడు. అతనికి తినడానికి ఏమీ లేకపోయినదనే సంగతి గీసిన చేతికి తెలుసు. వ్రాయడానికి గడి లేక వదలివేసినది. నేడు గడి ఉన్నది.